ఎక్సెల్‌లో రెండు షరతులతో వెతకాలంటే: హెల్పర్ కాలమా, ఎక్స్‌లుకప్పా?

కస్టమర్ కోడ్, తేదీ రెండూ కలిసిన వరుసే కావాలనుకోండి. పాత దారి హెల్పర్ కాలమ్: రెండు సెల్స్‌నీ & గుర్తుతో అతికించి, పట్టికకు ఎడమ చివర పెట్టి వీలుకప్ (VLOOKUP, పట్టిక మొదటి కాలమ్‌లో వెతికి అదే వరుసలోని విలువ తెచ్చే ఫార్ములా) చేయడం. మధ్యలో | లాంటి గుర్తు తప్పనిసరి. లేకపోతే 12, 3 కలిసినా 1, 23 కలిసినా 123 అవుతుంది! తేదీ 45292 లాంటి అంకెగా మారుతుంది (అది 2024 జనవరి 1); కంగారు పడక్కర్లేదు.

ఎక్స్‌లుకప్‌లో (XLOOKUP, వెతికే కొత్త ఫార్ములా) అదనపు కాలమ్ అక్కర్లేదు. షరతులను బ్రాకెట్లలో పెట్టి గుణిస్తే, రెండూ నిజమైన చోట 1 వస్తుంది. ఆ 1నే వెతకమంటాం. 'ఈ తేదీ తర్వాత' లాంటి షరతూ పెట్టొచ్చు, హెల్పర్‌తో అది కుదరదు. కానీ ఒక పట్టికలో 101 అంకెగా, ఇంకోదానిలో టెక్స్ట్‌గా ఉంటే ఎక్స్‌లుకప్ దొరకలేదంటుంది. అతికించిన కాలమ్‌కు ఆ టెన్షన్ లేదు.

ఎక్సెల్ 2019లో ఎక్స్‌లుకప్ లేదు, 2021 నుంచి ఉంది. ఫైల్ నలుగురి చేతుల్లో తిరిగేదైతే నా ఓటు హెల్పర్‌కే: తప్పు ఎక్కడుందో కంటికి కనబడుతుంది. వేల వరుసలున్నా అదే నయం.