విజయనగరంలో అద్దెకున్న పదకొండు నెలలు

మా అమ్మాయికి వయొలిన్ అంటే ప్రాణం. విజయనగరం మ్యూజిక్ కాలేజీలో సీటొచ్చిందనగానే మా ఆయన్ని ఉద్యోగంతో పాటు గుంటూర్లోనే వదిలేసి మేమిద్దరం పోయిన జూన్‌లో రైలెక్కేశాం. నాకు ల్యాప్‌టాపూ నెట్టూ ఉంటే చాలు, పని ఎక్కడ్నుంచైనా జరిగిపోతుంది. ఈ పదకొండు నెలల్లో మూడు చోట్ల ఉన్నాం కాబట్టి, పిల్లల చదువుకో, రిటైరయ్యాకో, వైజాగ్ అద్దెలు భరించలేకో అటు వెళ్దామా అనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

ముందు స్టేషన్ దగ్గర లాడ్జిలో ఆరు రోజులు, రోజుకి 900. గది శుభ్రమే గానీ రాత్రంతా గూడ్స్ బళ్ళ చప్పుడు. హౌరా చెన్నై మెయిన్ లైనూ రాయ్‌పూర్ వైపు లైనూ ఇక్కడే కలుస్తాయి కదా, నిద్ర పట్టదు. ఒకట్రెండు రాత్రులకి ఓకే, ఆపైన వద్దు.

తర్వాత బ్రోకర్ని పట్టుకుని రింగ్ రోడ్డు వైపు అపార్ట్‌మెంట్లో దిగాం. డబుల్ బెడ్‌రూమ్ 11 వేలు, మెయింటెనెన్స్ వెయ్యి, మూడు నెలల అడ్వాన్సు, బ్రోకర్‌కి ఒక నెల అద్దె. లిఫ్టూ పార్కింగూ అన్నీ ఉన్నాయి, కాదనను. ఇరవై నాలుగ్గంటలూ నీళ్ళే నీళ్ళన్నాడు ఆ బ్రోకర్, ఆగస్టులో మోటర్ కాలిపోతే ఐదు రోజులు ట్యాంకర్ నీళ్ళు బకెట్లతో మూడో అంతస్తుకి మోసుకున్నాం, ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని అడ్వాన్సులో 6 వేలు కోసేశారు. దానికన్నా నన్ను బాధపెట్టింది ఏంటంటే, అక్కడుంటే ఏ ఊళ్ళో ఉన్నామో తెలీదు. కింద సూపర్ మార్కెట్టూ పైన టీవీలూ, అది ఏ ఊరైనా కావచ్చు.

సెప్టెంబర్లో కూరగాయలమ్మే ఆవిడ చెప్పింది, "కోట అవతల సందులో మామ్మగారి ఇంట్లో రెండు గదులు కాళీగున్నాయమ్మా, ఎల్లి అడగండి" అని. ఇక్కడ పాత ఊళ్ళో మంచి ఇళ్ళకి టూలెట్ బోర్డులుండవు, ఆన్‌లైన్లో అసలే ఉండవు, సందుల్లో నడుస్తూ కిరాణా కొట్లోనో ఇస్త్రీ బండి దగ్గరో అడగాల్సిందే. వెళ్ళి చూస్తే పెంకుటిల్లు, ముందు వసారా, నున్నగా అరిగిపోయిన చెక్క స్తంభాలు, ఎండాకాలంలో కూడా చల్లగా ఉండే గచ్చు, పెరట్లో నుయ్యి, పక్కనే కరివేపాకు చెట్టు. అద్దె 5500, అడ్వాన్సు రెండు నెలలు. మీరెవరమ్మా, ఏవిట్లు అని కులం అడిగారు, అంతకు ముందు చూసిన నాలుగిళ్ళలోనూ అదే ప్రశ్న, ఒక చోట అయితే జవాబు విన్నాక గది ఖాళీ లేదన్నారు. ఈ విషయం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు, వెళ్ళేవాళ్ళకి తెలిసుండాలనే చెప్తున్నా. మామ్మగారు మాత్రం జవాబు విని కూడా "సరేలెండి, పిల్ల ఏం నేర్చుకుంటోందీ" అని అడిగి తాళాలిచ్చేశారు.

ఆవిడ సంగీతం నేర్చుకోలేదట, కానీ ఆ ఊళ్ళో డెబ్భయ్యేళ్ళ నుంచి వింటున్నారు. మా పిల్ల పొద్దున్నే మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, అంటే మొదటి పాఠాలు, వాయిస్తుంటే పక్క గదిలోంచి "గాంధారం కిందికి జారిపోతోంది, నిలబెట్టీ అమ్మా" అని కేక. నిజంగానే జారేది! ఏ అపార్ట్‌మెంట్లో దొరుకుతుంది ఇది? 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా మొదలైన కాలేజీ అది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ చెప్పారు. ఘంటసాల గారు తన గురువు పట్రాయని సీతారామశాస్త్రి గారింట్లో ఉండి, మధూకరం ఎత్తుకుని చదువుకున్నారు. బతకడానికి డబ్బుల్లేని కుర్రాడికి ఇంటింటా అన్నం పెట్టిన ఊరు అని తల్చుకుంటే నాకు ఆ సందుల్లో నడుస్తున్నప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది.

పాతింటి కష్టాలూ చెప్పాలి. కుళాయి పొద్దున కాసేపే, ఆ టైముకి లేచి బిందెలు నింపుకోవాలి, మిగతాదానికి నుయ్యి. అక్టోబర్లో వాయుగుండం పట్టినప్పుడు మూడు చోట్ల కారింది, వంటింట్లో గిన్నెలు పెట్టుకుని ల్యాప్‌టాప్ మంచం కింద దాచుకున్నాం. బాత్రూమ్ పెరట్లో. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే మాత్రం ఇలాంటి ఇల్లు వద్దు, రింగ్ రోడ్డే నయం.

కాకపోతే అన్నీ కాలినడకన. 1713లో కట్టిన కోట అయిదు నిమిషాలు, లోపల ఇప్పుడు కాలేజీలే, పిల్లలు సైకిళ్ళ మీద ఆ పెద్ద ద్వారంలోంచి వెళ్తుంటారు. దాని ముందే బొంకులదిబ్బ, కన్యాశుల్కం మొదలయ్యేది ఆ చోటే. గురజాడ గారిల్లు చూడ్డానికి ఉంది, తప్పకుండా వెళ్ళండి. మూడు లాంతర్ల కూడలి, 1885 నాటి గంటస్తంభం, దాని చుట్టూ బజారు. పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగి, వచ్చేటప్పుడు తోటకూర కట్టలు తెచ్చుకుంటే ఆటోల ఖర్చే లేదు. నెట్టుతో సహా ఇద్దరికీ నెలకి 17 వేలు దాటలేదు. వైజాగ్ బస్సులు ఎప్పుడూ ఉంటాయి, గంటన్నర ప్రయాణం. పెద్ద జబ్బయితే ఇప్పటికీ అటే పరిగెడుతున్నారు, 2023లో ఇక్కడ గవర్నమెంట్ మెడికల్ కాలేజీ వచ్చింది కాబట్టి ముందుముందు మారుతుందని నా ఆశ.

ఊరి దేవత పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారం. ఆ వారం లాడ్జిలు దొరకవు, ముందే బుక్ చేసుకోండి. మా వీధిలో ప్రతి ఇంటికీ చుట్టాలే, మామ్మగారింటికి పద్నాలుగు మంది, మా గదిలో కూడా నలుగురు పడుకున్నారు. చింతమాను చివర పూజారి గారు కూర్చుని, ఆ మాను గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరుగుతుంటే జనం అరటిపళ్ళు విసురుతారు, మా పిల్ల విసిరిన పండు ఎదురుగా డాబా మీద పడింది. మామ్మగారు నా చెయ్యి పట్టుకుని "పైడితల్లి మా ఆడపడుచమ్మా" అన్నారు, ఊళ్ళో అందరూ అదే వరసలో చెప్పుకుంటారు.

ఇంకో ఏడాది ఉంటామని చెప్పేశాం, అద్దె 500 పెంచారు, ఒప్పుకున్నా. వానల లోపు పెంకులు సర్దించాలి, సగం డబ్బులు నేనిస్తానంటే మామ్మగారు ఒప్పుకోవట్లేదు, ఆదివారం పనివాళ్ళు వస్తామన్నారు.