‘మీకు ముందు ఎవరు చెప్పారు?’ – సర్వే యాప్‌తో రెండున్నరేళ్ళు

రంగురంగుల గ్రాఫులు, పుట్టినరోజు శుభాకాంక్షలు, నెలనెలా వచ్చే రిపోర్టు... వీటి గురించి రాయను. ఉద్యోగుల సర్వే యాప్ అన్నాక అన్నిట్లోనూ అవే. ఇందులో నాకు పనికొచ్చింది ఒక్కటే: మన సొంత ప్రశ్న ఒకటి మన మాటల్లో పెట్టుకునే వీలు. అది లేకపోతే ఆర్నెల్లకే మానేద్దామని చెప్పేవాణ్ణి.

మాది గుంటూరు శివార్లలో మిర్చి యూనిట్. తొడిమలు తీయడం, తాలు ఏరడం, కారం పట్టడం, ప్యాకింగ్. ఆఫీసులో పాతికమందికి మించి ఉండం. సీజన్లో హాల్లో కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్ళు మాత్రం నూట యాభై దాటతారు. నేను హెచ్‌ఆర్, అంటే హాజరు పట్టీ, పీఎఫ్, ఈఎస్ఐ, మధ్యమధ్యలో గొడవలు. యాప్ కొనమన్నది ఓనరు గారబ్బాయి.

మొదటి ఏడాది వాళ్ళిచ్చిన ప్రశ్నలే అడిగాం. ‘సంస్థ మీ నుంచి ఏమి ఆశిస్తోందో మీకు తెలుసా?’ అని ఉండేది. ఒక పెద్దావిడ, ‘ఏం ఆశిస్తది బాబూ, కాయ ఆశిస్తది’ అంది. హాలంతా నవ్వు. దానికి ఒకటి నుంచి అయిదు దాకా మార్కు వేయాలి. ఈ అయిదు మెట్ల లెక్కను 1932లో రెన్సిస్ లికర్ట్ అనే ఆయన తెచ్చాడు, ఇప్పటికీ సర్వేలన్నీ దాన్నే పట్టుకుని వేలాడుతున్నాయి. మా హాల్లో మూడు నొక్కేవాళ్ళే లేరు. అవునంటే అవును, కాదంటే కాదు, మధ్యలో ఈ మూడేందని వాళ్ళ సందేహం. అందరూ నాలుగు నొక్కేవాళ్ళు. మేమేమో బాగానే ఉన్నామనుకున్నాం.

తర్వాతి ఏప్రిల్లో తేలింది అసలు సంగతి. ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం హాల్లో ఆ వేడికి, ఘాటుకి తుమ్ములు తప్ప మాట వినపడదు. అందుకని పని తొమ్మిదింటికి కాకుండా ఆరింటికే మొదలుపెడదామని శనివారం నిర్ణయం అయింది. బోర్డు మీద నోటీసు అంటించాను. వాట్సాప్ గ్రూపులో పెట్టాను. సూపర్‌వైజర్లకి చెప్పాను. ఇంకేం చేయాలి?

సోమవారం ఆరింటికి సగం హాలు ఖాళీ. మిగతావాళ్ళు మామూలుగా తొమ్మిదింటికి దిగారు. కూలి కిలోల లెక్కన. మూడు గంటలు పోతే ఆ మేరకు కాయ పోయినట్టే, కూలీ పోయినట్టే. గేటు దగ్గరే నన్ను పట్టుకున్నారు. ‘మాకు చెప్పిందెవరు?’ అని ఒకటే మాట. నోటీసు పెట్టానన్నాను. ‘ఆ బోర్డు దిక్కు ఎవరు పోతారు, అది ఆఫీసోళ్ళ నీళ్ళ డ్రమ్ము కాడ ఉంటది’ అన్నారు. నిజమే, అక్కడే ఉంటుంది.

ఆ సాయంత్రం వాళ్ళ మాటనే ప్రశ్నగా పెట్టాను: ‘ఆరింటికి రమ్మన్న సంగతి మీకు ముందు ఎవరు చెప్పారు?’ నోటీసు బోర్డు, సూపర్‌వైజర్, వాట్సాప్, పక్కన కూర్చునేవాళ్ళు, ఇతరులు. నోటీసు బోర్డు అన్నవాళ్ళంతా ఆఫీసువాళ్ళే. ఎక్కువమంది ఎంచుకున్నది ‘ఇతరులు’. పక్కన ఉన్న గడిలో చూస్తే ‘ఆటో అబ్బాయి’, ‘మా ఆటో అతను’, ‘ఆటోలో’.

వెళ్ళి వాచ్‌మన్‌ని అడిగాను. శనివారం సాయంత్రం గేటు దగ్గర ముగ్గురు ఆటోవాళ్ళు అతనితో టీ తాగారు. మాటల్లో మాటగా ‘సోమవారం నుంచి ఆరింటికంట’ అని చెప్పాడు. ఆ మూడు ఆటోల్లో వచ్చే ఊళ్ళవాళ్ళు టైముకి వచ్చారు. మిగతా నాలుగు ఆటోలు రోడ్డు మలుపులోనే దించేసి పోతాయి, గేటు దాకా రావు. అంతే తేడా. నోటీసు, గ్రూపు, మీటింగు అని మేం పడ్డ తిప్పలకంటే వాచ్‌మన్ గ్లాసుడు టీ ఎక్కువ పని చేసింది.

కీత్ డేవిస్ అనే అమెరికా ప్రొఫెసర్ 1953లో ఇలాంటిదే రాశాడు. ఆఫీసుల్లో చెవులు కొరుక్కునే కబురు ఏ దారిన పోతుందో వెతికితే, విన్నవాళ్ళలో చాలామంది తమ దగ్గరే ఉంచుకుంటారని, కొద్దిమందే పదిమందికి చేరవేస్తారని తేలింది. మా కొద్దిమంది మా జీతాల పట్టీలోనే లేరు.

అప్పటి నుంచి టైము మారినా, సెలవిచ్చినా సాయంత్రం ఏడులోపు ఏడుగురు ఆటోవాళ్ళకీ ఫోన్ చేస్తాను. ఆ మేలో గుంటూరు మిర్చి మార్కెట్ యార్డుకి వేసవి సెలవులిచ్చి మాకు సరుకు తగ్గినప్పుడు, మూసిన గేటు దాకా వచ్చి తిరిగిపోయినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ వారం నేను కాలరెగరేసుకుని తిరిగాను.

డబ్బు సంగతి మాత్రం ఆటో ఎక్కించకూడదు. పోయినేడు బోనస్ తేదీ ఒక వారం వెనక్కి జరిగింది. ఆ మాట ఆటో దిగేసరికి ‘ఈ ఏడు బోనస్ లేదంట’ అయింది. రూలు ప్రకారం కనీసం 8.33 శాతం ఇవ్వాల్సిందే, ఎగ్గొట్టడానికి లేదు. కానీ ఆ అంకె ఎవరికి అర్థమవుతుంది? హాల్లోకి వెళ్ళి టిక్కీ (మిర్చి బస్తా) మీద కూర్చుని, ‘ఏడాది లెక్కలో పన్నెండో వంతు’ అని చెప్తే అప్పుడు సద్దుమణిగింది. ఇప్పుడు డబ్బు విషయం ఏదైనా అలా కూర్చునే చెప్తున్నాను.

పేరు బయటపడదన్న సంగతి గురించి కూడా ఒక మాట. మొదట్లో దీన్ని తెగ మెచ్చుకునేవాణ్ణి. ఒక విభాగంలో అయిదుగురికంటే తక్కువమంది జవాబిస్తే యాప్ ఆ లెక్క చూపించదు. సూపర్‌వైజర్ మీద రాసిందెవరని ఓనరు గారు అడిగితే చెప్పలేకపోయాను. లోపల సంతోషించాను కూడా. అయితే హాల్లో చాలామందికి పెద్ద ఫోన్లు లేవు. ట్యాబు నేను పట్టుకుని, ప్రశ్న నేను చదివి, జవాబు నేను నొక్కేవాణ్ణి. నా మొహం మీద సూపర్‌వైజర్ మంచోడు కాదని ఎవరంటారు? ఒకసారి నేను సెలవు పెడితే, ట్రైనింగుకి వచ్చిన కాలేజీ అమ్మాయి ట్యాబు పట్టుకుని తిరిగింది. నాలుగులన్నీ రెండులయ్యాయి. నా రెండేళ్ళ నాలుగులు మొహమాటం మార్కులన్నమాట. షికాగో దగ్గర హాథార్న్ ఫ్యాక్టరీలో 1928 నుంచి రెండేళ్ళలో ఇరవై వేలమందికి పైగా కూర్చోబెట్టి మాట్లాడించారు. వాళ్ళు కూడా కట్టుదిట్టమైన ప్రశ్నలతోనే మొదలుపెట్టి, అవి పనిచేయక, మనిషి ఇష్టమొచ్చింది చెప్పుకోనిచ్చే పద్ధతికి మారారు. మేం కూడా ఇప్పుడు భోజనాల షెడ్డులో ఆ హాలు ఆడపిల్లల్లోనే ఒకరికి ట్యాబు ఇస్తున్నాం. నేను ఆ దరిదాపుల్లో ఉండను.

విజయవాడ ఆటోనగర్‌లో ఉన్న మా బావ నా మాట విని ఇదే యాప్ కొన్నాడు. ఆయన లేత్ షెడ్డులో పద్నాలుగుమంది, నాలుగు విభాగాలు. అయిదుగురి రూలు వల్ల ఆయనకి తెర మీద ఏమీ కనపడదు. ‘ఏందిరా ఇది, టీ పెట్టించి అడిగితే చెప్పేదానికి’ అంటాడు. ఆయనకి చెప్పడం నా తప్పే.

ఫిబ్రవరిలో రెన్యువల్. ఇంకో ఏడాది కట్టమన్నాను. మా దగ్గర మనుషులు సీజన్‌కొకరు మారతారు కాబట్టి అడగాల్సింది ఉంటుంది, పర్మనెంటు మనుషులే ఉన్నచోట ఇంత అక్కర్లేదేమో. మొన్న అదే ప్రశ్నకి ‘ఇతరులు’ గడిలో ఎవరో ‘మా మనవడు ఫోన్లో చూసి చెప్పాడు’ అని రాయించారు. ఆటోవాళ్ళ నంబర్లు మాత్రం ఇంకా తీసేయలేదు.