తిరుపతి సమ్మర్ బేస్‌బాల్ క్యాంపు: కోచ్‌కు మంచి మార్కులు, గ్రౌండుకు కాదు

బ్యాటు చేతికిచ్చే ముందు విసరడం నేర్పుతున్నారు, వరస అదే. చూపుడువేలు, మధ్యవేలు బంతి కుట్టుకు అడ్డంగా వేసి, బొటనవేలు కింద ఆనించాలి. అరచేతిలో ఇరికిస్తే వేగం రాదు. మోచెయ్యి భుజం కంటే దిగితే బంతి పైకి లేచిపోతుంది.

క్రికెట్ నుంచి వచ్చిన పిల్లలు బ్యాటు నిలువుగా దించుతారు. ఇక్కడ నడుము తిప్పి అడ్డంగా ఊపాలి. ఆ అలవాటు మాన్పించడంలో కోచ్ ఓపిక మెచ్చుకోవాల్సిందే. అమెరికా బేస్‌బాల్ జట్టు ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌ను 50 సీజన్లు నడిపిన మేనేజర్ కోనీ మ్యాక్ సూటులో కూర్చుని స్కోర్‌కార్డు ఊపి ఫీల్డర్లను జరిపేవాడు. మన క్యాంపు కోచ్‌కు తువ్వాలు చాలు!

సీనియర్లకు బేస్‌ల (పరుగెత్తి తాకాల్సిన మూలల) మధ్య 90 అడుగులు, బంతి విసిరే పిచర్‌కు, బ్యాటర్ ఉండే హోమ్ ప్లేట్‌కు మధ్య 60 అడుగుల 6 అంగుళాలు ఉండాలి. టేపు లేకుండా కాళ్లతో కొలిచి సున్నం గీస్తున్నారు. బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్‌కు మాస్కు ఒక్కటే ఉంది. చేరేవాళ్లు గ్లవ్ సొంతంగా కొనుక్కోండి, ఉదయం బ్యాచే అడగండి.