పంట కాపలాకి 315 బోరు రైఫిల్: పన్నెండేళ్ల వాడకం తర్వాత

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని కిన్వట్, మాహూర్ వైపు పత్తి, సోయా, జొన్న వేసేవాళ్లకి అడవి పందుల గోల, రోహీల (నీల్‌గాయ్) గోల కొత్త కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు సరదా వేటకి చోటు లేదు. పంట పాడుచేసే జంతువైనా సరే, ఆ చట్టం 11వ సెక్షన్ కింద అటవీ అధికారి రాసిచ్చిన అనుమతి చేతిలో ఉంటేనే తుపాకి ఎత్తాలి. అలా అనుమతి దొరికినవాళ్ల కోసమే ఇది.

బోరు అంటే తుపాకి గొట్టం లోపలి కొలత. 303 నిషిద్ధ బోరు, మామూలు లైసెన్సు మీద రాదు. మిగిలేవి 12 బోరు తుపాకి, 315, 30-06 రైఫిళ్లు. 12 బోరులో ఛర్రా (చిన్న రవ్వల) కార్తూసు, అంటే తూటా, వేసి ముప్పై మీటర్లు దాటి పేలిస్తే పంది గాయపడుతుందే గాని పడదు. గాయపడ్డ పంది చేలో దూరాక వెతకబోయినవాడి ప్రాణం మీదికి వస్తుంది. 12 బోరుని ఈ పనికి వాడొద్దు.

315 బలమంతా కార్తూసులోనే ఉంది. పాత 8 మి.మీ. మాన్‌లిచర్ రైఫిల్ తూటా వంశం, 244 గ్రెయిన్ల (సుమారు 16 గ్రాముల) సాఫ్ట్ నోస్ (మెత్తటి మొన) గుండు. వేగం సెకనుకు 600 మీటర్ల పైచిలుకు, అంతే. నెమ్మది, కానీ బరువు. ముదురు మగపందికి భుజం మీద డాలులా గట్టి పొర ఉంటుంది. తేలికపాటి గుండు అక్కడే చిట్లిపోవచ్చు, ఇది లోపలిదాకా దిగుతుంది. పంది గుండెకాయ బాగా కిందికి ఉంటుంది. పక్కవాటుగా నిలబడ్డప్పుడు ముందుకాలి వెనకంచు వెంబడి, ఒంటి ఎత్తులో కింది మూడోవంతులో గురి పెట్టాలి. మూపు చూసి కొడితే గుండు వృథా, జంతువుకి నరకం.

దూరం దగ్గర మాత్రం 315 తేలిపోతుంది. 100 మీటర్లకి సైటు కుదిరిస్తే 200 దగ్గర గుండు అడుగుకి పైనే దిగిపోతుంది. 30-06లో 180 గ్రెయిన్ల గుండు అదే లెక్కన నాలుగైదు అంగుళాలే దిగుతుంది. బట్టబయలు రేగడిలో 150 మీటర్ల అవతల రోహి నిలబడే చోటైతే 30-06 తీసుకోండి. మంచె మీద నుంచి 80 మీటర్ల లోపు పందికైతే 315 చాలు, నా ఓటు దానికే.

ఇబ్బందులు మూడు. మొదటిది అంచు. ఈ కార్తూసు అడుగున అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. మ్యాగజైన్‌లో (తూటాల పెట్టెలో) ఐదూ నింపేటప్పుడు పైదాని అంచు కిందిదాని అంచుకి ముందు పడాలి. వెనక పడిందా, బోల్టు (తూటాని గొట్టంలోకి నెట్టే కడ్డీ) తోసేసరికి రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుపోతాయి. ఒక్కొక్కటే వేసి, వేలితో వెనక్కి తడిమి చూసుకోవాలి.

రెండోది చెక్క. వానాకాలంలో కుందా (తుపాకి చెక్క భాగం) ఉబ్బి బ్యారెల్‌ని ఒక పక్కకి నెడుతుంది, మృగశిరలో సరిగ్గా ఉన్న గురి శ్రావణానికి జరుగుతుంది. ఎండాకాలంలోనే బ్యారెల్ విప్పి, చెక్క లోపలి గాడికి కూడా మరిగించిన అవిసె నూనె మూడు పూతలు, పూతకీ పూతకీ మధ్య రెండ్రోజులు ఆరనిచ్చి పట్టించండి. స్క్రూలు బిగించాక అనుమతి ఉన్న రేంజిలో ఇసుక సంచి మీద ఆనించి మూడు గుళ్లు కాల్చి చూసుకోవాలి. ఒక గుండు చూసి సైటు కదపొద్దు.

మూడోది అన్నిటికన్నా పెద్దది. గుండు పందిని దాటి కూడా పోతుంది. నేల మీద నిలబడి అడ్డంగా కాలిస్తే అవతలి చేలో కాపలా మనిషి ఉండొచ్చు. మంచె పది పన్నెండు అడుగుల ఎత్తుండాలి, గుండు వాలుగా దిగి మట్టిలో కూరుకోవాలి. రాళ్ల గట్టు వెనకుంటే కాల్చకండి, గుండు ఎగిరి ఎటు పోతుందో చెప్పలేం.

కార్తూసు పేలకపోతే వెంటనే బోల్టు లాగొద్దు. ఆలస్యంగా పేలేవి ఉంటాయి. మూతి నేలవైపు పెట్టి అర నిమిషం ఆగి, ముఖం పక్కకి తిప్పి అప్పుడు తీయండి. అలా తీసినదాన్ని మళ్లీ ఎక్కించకండి.