పేరు లేని డీడీఆర్‌2 స్టిక్కు: పాత డీటీపీ సిస్టమ్‌లకు పనికొస్తుందా?

పేజ్‌మేకర్, అను ఫాంట్లు నడిచినంత కాలం తిరుపతి డీటీపీ సెంటర్లలో జీ31 అనే ఇంటెల్ చిప్‌సెట్ ఉన్న పాత మదర్‌బోర్డు సిస్టమ్‌లు మూలన పడవు. శుభలేఖల సీజన్‌కు ముందు వాటికి ర్యామ్ పెంచుదామని షాపుకెళ్తే రెండు రకాలు చూపిస్తారు. ఒకటి కొత్త కవర్లో వచ్చే కంపెనీ పేరు లేని 2 జీబీ డీడీఆర్‌2 (పాత తరం ర్యామ్) స్టిక్కు, స్పీడు 800. ఇంకొకటి పాత సిస్టమ్‌లలోంచి తీసిన శామ్‌సంగ్, హైనిక్స్ స్టిక్కు. ఈ రివ్యూ మొదటిదాని గురించే. దానికి మా మార్కులు 5కి 2.

స్టిక్కర్ మీద ‘2 జీబీ డీడీఆర్‌2 800’ అని తప్ప ఇంకేమీ లేదు. చిప్పు ఒక్కొక్కటీ 8 బిట్లు అందించే ఎక్స్8 రకమని చెప్పే 2ఆర్‌ఎక్స్8 అనే ముక్క కూడా ఉంటే సగం దిగులు తీరేది. అది లేనప్పుడు స్టిక్కును ట్యూబ్‌లైటు కింద కాస్త వాలుగా పట్టుకుని చిప్పుల మీది సన్నటి అక్షరాలు చదవాలి. శామ్‌సంగ్ చిప్పు మీద కే4టీ1జీ084 అని ఉంటే ఎక్స్8 రకం, 084 బదులు 044 ఉంటే ఎక్స్4, అంటే 4 బిట్ల రకం. హైనిక్స్‌లో 1జీ తర్వాతి అంకె 8 అయితే ఎక్స్8, 4 అయితే ఎక్స్4. జీ31 లాంటి ఇంటెల్ డెస్క్‌టాప్ బోర్డులకు ఎక్స్4 స్టిక్కు పడదు. డిస్‌ప్లే రాదు, బీప్ మోగుతూ ఉంటుంది. రెండు రకాల్లోనూ 16 చిప్పులే ఉంటాయి కాబట్టి లెక్కపెట్టినంత మాత్రాన తేడా తెలియదు. ఏఎండీ బోర్డులో ఎక్స్4 స్టిక్కు చక్కగా నడుస్తుంది. అందుకే షాపులో ఏదో ఒక సిస్టమ్‌లో పెట్టి ‘చూడండి సార్, పనిచేస్తోంది కదా’ అంటే సరిపెట్టుకోవద్దు. మీ సీపీయూ తీసుకెళ్లి అందులోనే పెట్టించండి.

మేం పరీక్షించినది ఎక్స్8 రకమే, బోర్డు వెంటనే గుర్తించింది. చిక్కు స్పీడు దగ్గర వచ్చింది. శామ్‌సంగ్ చిప్పు నంబరు చివర ఈ7 ఉంటే 800, ఈ6 ఉంటే 667. దీని మీద ఉన్నది ఈ6. అయినా ఎస్‌పీడీలో, అంటే స్టిక్కు మీదుండే ఆ 8 కాళ్ల బుల్లి చిప్పులో, 800 అని రాసిపెట్టారు. బోర్డు దాని మాటే నమ్మి 800లో నడిపిస్తుంది. పొద్దున బాగానే ఉంటుంది. మధ్యాహ్నం ఎండకు గది వేడెక్కాక ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రాంలో తప్పులు చూపే ఎర్ర గీతలు మొదలయ్యాయి. బయాస్‌లో (సిస్టమ్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగుల్లో) మెమరీ స్పీడును ఆటో నుంచి 667కి దించితే రాత్రంతా నడిపినా ఒక్క తప్పూ రాలేదు. అంటే ఇది 667 స్టిక్కు, 800 పేరుతో అమ్ముతున్నారు. బయాస్‌లో స్పీడు మార్చే వీలు లేని బోర్డయితే అసలు కొనకండి.

బిగించేటప్పుడు పవర్ కేబుల్ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టండి. పాత స్టిక్కయితే బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి మిగలకుండా బ్రష్‌తో దులపండి. స్లాట్‌లో దుమ్ము ఉన్నా అదే బీప్ వస్తుంది. గాడి కుదరకపోతే బలవంతం చేయొద్దు. డీడీఆర్‌2కీ డీడీఆర్‌3కీ 240 కాళ్లే, పొడవూ ఒకటే, గాడి చోటు మాత్రమే వేరు. ఒకటి 1.8 వోల్టులది, రెండోది 1.5 వోల్టులది. రెండు క్లిప్పులూ టక్కుమని పడాలి. మొదట ఒక్క స్టిక్కే పెట్టి మెమ్‌టెస్ట్ ఒక పాస్ పూర్తిగా నడపండి, తర్వాత రెండోది పెట్టండి. తప్పులొస్తే స్లాట్ మార్చి చూడండి. తప్పు స్టిక్కు వెంట పోతే స్టిక్కుది, అక్కడే ఉండిపోతే స్లాట్‌ది.

667, 800 కలిపి పెడితే రెండూ 667లోనే నడుస్తాయి, నష్టమేమీ లేదు. రెండు స్లాట్లలో ఒకే సైజు పెడితే డ్యూయల్ చానల్, అంటే రెండింటినీ ఒకేసారి వాడుకునే పద్ధతి, పనిచేస్తుంది. ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి ఆ తేడా తెలుస్తుంది.

జీ31కి గరిష్ఠం 4 జీబీ. 32 బిట్ ఎక్స్‌పీలో అంత పెట్టినా 3 జీబీ పైచిలుకే కనిపిస్తుంది, అది స్టిక్కు లోపం కాదు. పేజ్‌మేకర్ ఒక్కటే వాడేవాళ్లకు పాత శామ్‌సంగ్ 1 జీబీలు రెండు చాలు. ఫొటోషాప్ కూడా తెరిచేవాళ్లు 2 జీబీలు రెండు తీసుకోండి, అవీ పాత స్టిక్కులే, 2ఆర్‌ఎక్స్8 అని లేబుల్ ఉన్నవి. మెమ్‌టెస్ట్‌లో తప్పులొస్తే మార్చి ఇస్తామని బిల్లు మీద రాయించుకోండి.