రేసులకు పిల్లల ఇయర్‌మఫ్‌లు: మెత్తలు పొట్టు రాలేదాకా వాడాక

రేసుల మోత నుంచి మా అమ్మాయి చెవులను కాపాడడానికి కొన్న ఈ ఇయర్‌మఫ్‌లలో, చెవులను మూసే డిప్పలకు వంక పెట్టను. తలపట్టీ ఇప్పటికీ కొన్ననాటి బిగువుతోనే ఉంది. నా తగువంతా మెత్తలతోనే. చెవి చుట్టూ ఆనుకునే ఆ నల్లటి రెక్సిన్ తొడుగు, దాని లోపలి స్పాంజి కలిపి బొటనవేలంత మందం కూడా ఉండవు. ఈ వస్తువు పనిచేసేదీ, పని మానేసేదీ అక్కడే. పెట్టె మీద మాత్రం వాటి గురించి ఒక్క ముక్క లేదు. ఎంత మోత తగ్గిస్తుందో చెప్పే అంకె పెద్ద అక్షరాల్లో వేసి, పక్కన నవ్వుతున్న పిల్లవాడి బొమ్మ వేశారు.

మాది నెల్లూరు. ఇంట్లో కార్ల పిచ్చి నాది. మా ఆయనకు ఆ మోత పడదు. కాబట్టి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై కార్ల రేసు ట్రాక్‌కు వెళ్ళేది నేనూ మా అమ్మాయీ. తెల్లవారుజామున బయల్దేరి, సూళ్లూరుపేటలో టిఫిను కానిచ్చి, తడ దాటాక చెన్నై ఊళ్లోకి దిగకుండా ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని, నజరత్‌పేట దగ్గర బెంగళూరు హైవే ఎక్కితే ఎండ ముదరకముందే చేరిపోవచ్చు. రింగ్ రోడ్డుకు కాస్త ముందే షోలవరం వస్తుంది. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ రాకముందు మద్రాసు రేసులంటే అక్కడి పాత విమానాల రన్‌వే మీద జరిగినవే. మా నాన్నగారు కుర్రతనంలో స్నేహితులతో కలిసి వెళ్ళి చూశారు. ఆ రోజుల్లో చెవిలో దూది పెట్టుకున్నవాడు కూడా లేడట. ఇప్పుడు ఆయనకు ఏ మాటైనా రెండోసారి చెబితే గానీ వినపడదు. ఆ నింద రేసుల మీద వేయను, ఆయన ఉద్యోగమంతా రైసు మిల్లులో గడిచింది.

టికెట్టు, గది, పెరుగన్నం డబ్బా గురించి ఇక్కడ రాయను, అవి ఎవరైనా చూసుకోగలరు. చిన్నపిల్లతో వెళ్తున్నప్పుడు శని, ఆదివారాలు ఎలా గడుస్తాయో తేల్చేది మోత. ఫ్యాక్టరీల్లో పనిచేసే పెద్దవాళ్ళ కోసం కట్టిన లెక్క ఒకటి ఉంది: 85 డెసిబెల్స్ మోతలో 8 గంటలకు మించి ఉండకూడదు. అక్కడి నుంచి మోత 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా సమయం సగానికి పడిపోతుంది. 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2, 100కు చేరేసరికి 15 నిమిషాలే. ఇందుకు మీటరేమీ అక్కర్లేదు. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందంటే 85 దాటినట్టే. రేసు మొదలయ్యే వేళ మెయిన్ స్ట్రెయిట్, అంటే ట్రాక్‌లో మలుపు లేని తిన్నటి భాగం, పక్కన నిలబడి చూడండి, గొంతు ఎంత పెంచినా చాలదు.

ఈ ఇయర్‌మఫ్‌లు కొన్నది 2023 ఫిబ్రవరిలో, హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు కోసం. అక్కడ వీటి అవసరమే పడలేదు. కరెంటు కార్లు సన్నగా కూత పెట్టుకుంటూ వెళ్ళిపోయాయి. వాటి మోత కంటే మైకులో వ్యాఖ్యాత గోల ఎక్కువ. పాప వాటిని మెడలో వేసుకునే రోజంతా తిరిగింది. అసలు పరీక్ష ఆ ఏడాదే ఇరుంగాట్టుకోట్టైలో ఎదురైంది. ఫార్ములా కార్లు ఒకదాని వెనక ఒకటి మొదటి మలుపులోకి విరుచుకుపడుతుంటే, చుట్టుపక్కల పిల్లలు రెండు అరచేతులతో చెవులు మూసుకుని ముఖం చిట్లించుకుని నిలబడ్డారు. మా పాప మాత్రం ఒక చేత్తో మురుకు, ఇంకో చేత్తో నీళ్ల సీసా పట్టుకుని తీరిగ్గా చూసింది. రెండు చేతులూ ఖాళీగా ఉండడం పెద్ద విషయంలా కనిపించదు గానీ, ‘ఇంటికి పోదాం’ అనే మాట గంటలో వస్తుందా, సాయంత్రం వస్తుందా అన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మాటలు వినపడవు కాబట్టి మాకంటూ సైగలు పుట్టాయి. ముక్కు పట్టుకుంటే బాత్రూము. రెండు వేళ్లు తిప్పితే ఎవరో కారు అదుపు తప్పి గిర్రున తిరిగారని. బొటనవేలు కిందికి చూపితే ఆకలి. ఆ భాష ఇప్పుడు పెళ్ళిళ్ళలో బ్యాండు మేళం పక్కన కూడా పనికొస్తోంది.

2024లో చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రోడ్ల మీద రాత్రిపూట జరిగిన రేసుకు వెళ్ళినప్పుడు వీటి మీద నాకు మోజు ఇంకా పెరిగింది. మైదానంలో కట్టిన ట్రాక్ వేరు, ఊరి నడుమ సిమెంటు దిమ్మెల మధ్య పరిగెత్తే కార్లు వేరు. మోత చెదిరిపోయే దారి లేక గోడల మధ్యే తిరుగుతుంది. కార్యక్రమం బాగా ఆలస్యమైంది. పాప వీటిని పెట్టుకుని నా ఒళ్ళో నిద్రపోయింది, ఇంజిన్ల హోరులో ఒక్కసారి కూడా ఉలిక్కిపడలేదు. తిరిగి వచ్చాక బడి గేటు దగ్గర కనిపించిన తల్లులకూ, మా పిన్ని కోడలికీ, అడగనివాళ్ళకు కూడా కొనమని చెప్పాను. వినాయక చవితి మైకులకూ దీపావళి బాంబులకూ పనికొస్తాయని చెప్పాను. పండగల విషయంలో ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. రేసుల విషయంలో అంత గట్టిగా చెప్పలేను.

కారణం, ఈ లోపు పాపకు కళ్ళజోడు వచ్చింది. కళ్ళజోడు కాడ చెవి మీదుగా వెళ్ళేచోట మెత్త పైకి లేస్తుంది. అక్కడ సన్నటి సందు మిగులుతుంది. జడ వేసినప్పుడు చెవి పక్కన మిగిలిన జుట్టూ అంతే, టోపీ అంచూ అంతే. పెట్టె మీది అంకె, తల మీద ఏ అడ్డూ లేకుండా సరిగ్గా పెట్టి ప్రయోగశాలలో కొలిచింది. చెమట కారే ఏడేళ్ల పిల్ల తల మీద అంత రాదు. చెమట అన్నాను కాబట్టి అదీ చెప్పాలి: చెన్నై ఎండలో అరగంటకోసారి అవి తీసి, చెవులు తుడిచి, మళ్ళీ పెట్టాలి. పిల్ల తనంతట తాను తీసేసిన ఆ నిమిషంలోనే ఏదో ఒక కారు వచ్చి తీరుతుంది.

ఇక అసలు గొడవ. నిరుటి సీజనులో ఒక శనివారం అంతా బాగానే గడిచింది. ఇయర్‌మఫ్‌ల సంచీ ఎప్పుడూ కారు వెనక సీట్లోనే, ఎండ వేడిలో ఉంటుంది. పిల్లల సామాను ఉండేది అక్కడే కదా. ఆదివారం పొద్దున మొదటి మలుపు దగ్గర చోటు చూసుకుని కూర్చున్నాం. కార్లు వార్మప్‌కు వచ్చాయి. కాసేపటికి పాప నా చేయి లాగి, ఎడమ డిప్పను వేలితో పొడుస్తూ అరిచింది: ‘ఈ చెవిలోకి కారు వస్తోందమ్మా!’

డిప్ప ఎత్తి చూస్తే చెంప మీద నల్లటి పొట్టు. రెక్సిన్ పొరలు పొరలుగా లేచి చెమటకు అంటుకుపోయింది. కళ్ళజోడు కాడ రోజూ ఒత్తుకునే చోట తొడుగు చీలి, లోపలి స్పాంజి బయటికి కనిపిస్తోంది. వేలితో నొక్కితే అది అణగడం లేదు, బిరుసెక్కిపోయింది. ఆ చీలికలో నా గోరు దూరింది. గోరు దూరే సందు ఉంటే డిప్ప ఎంత మందంగా ఉన్నా లాభం లేదు, మోత ఆ సందులోంచే వచ్చేస్తుంది. చేతిరుమాలు మడిచి కుక్కి చూశాను. బట్ట మెత్తలా ఆనదు, ఉన్న రెండోవైపు కూడా పైకి లేచింది. నా ఇయర్‌మఫ్‌లు పెడితే పట్టీని చివరిదాకా కిందికి దించినా దవడ దగ్గర బెత్తెడు ఖాళీ. పాప కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, పైగా ఫార్ములా రేసు ఇంకా మొదలే కాలేదు.

చేయగలిగింది దూరం వెళ్ళడమే. ఆరుబయట మోత పుట్టే చోటి నుంచి దూరం రెట్టింపైతే దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతాయని చదివిన గుర్తు ఉంది. పాపను ఎత్తుకుని ప్యాడక్ (టీములు కార్లు, సామాను ఉంచుకునే చోటు) వెనక వైపు, చెట్ల నీడకు నడిచాను. అక్కడ ఒక పెద్దాయన టీ తాగుతున్నారు. చేతులకు గ్రీజు, చొక్కా జేబులో స్క్రూడ్రైవర్. బైకుల మెకానిక్ అట. పాప చెంప మీది పొట్టు చూసి, సంగతి అడిగారు. ఆయనకు తెలుగు సగం వచ్చు, నాకు తమిళం సగం. లోపలికి వెళ్ళి, చెవి లోపల దూర్చుకునే నారింజ రంగు ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు, విప్పని కొత్త పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టారు.

పెట్టడం ఆయనే నేర్పారు, తన చెవికి పెట్టి చూపిస్తూ. ముందు చేతులు కడుక్కోవాలి. ప్లగ్‌ను రెండు వేళ్ల మధ్య దొర్లించి దొర్లించి, ముడత పడకుండా, అగరొత్తి అంత సన్నగా చేయాలి. రెండోవైపు చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగాలి, అప్పుడు లోపలి దారి తిన్నగా అవుతుంది. దూర్చాక వేలు తీసేయకూడదు. అది లోపల ఉబ్బేదాకా, నెమ్మదిగా ముప్పై అంకెలు లెక్కపెట్టేదాకా, నొక్కి పట్టుకోవాలి. ‘ఇప్పుడు నీ పేరు చెప్పు పాపా’ అన్నారు. చెప్పింది. ‘నీ గొంతు నీకే బిందెలోంచి వచ్చినట్టు లేదూ? ఉంటే సరిగ్గా పడ్డట్టు.’ పాప తన పేరు పదిసార్లు చెప్పుకుని నవ్వింది. నేను ఇన్నేళ్ళుగా ఈ ప్లగ్‌లు వాడుతున్నా, చెవి లాగాలని నాకు ఎవరూ చెప్పలేదు. సగం బయటే వేలాడేవి, అందుకే వాటి మీద నాకు గురి ఉండేది కాదు.

ఫార్ములా రేసు మేం మళ్ళీ మొదటి మలుపు దగ్గరే చూశాం. కళ్ళజోడు అడ్డు లేదు, టోపీ అడ్డు లేదు, చెవుల చుట్టూ చెమట లేదు. తలపట్టీ బరువు లేకపోయేసరికి పాప మెడ తిప్పి తిప్పి ప్రతి కారునూ చివరిదాకా సాగనంపింది.

అమ్మిన కంపెనీకి ఫొటోలతో సహా రాశాను. మెత్తలు విడిగా అమ్మరట. కొత్తది కొంటే ధరలో కొంత తగ్గిస్తామని కూపన్ పంపారు. ఫ్యాక్టరీల్లో వాడే పెద్దవాళ్ళ ఇయర్‌మఫ్‌లలో పేరున్నవాటికి మెత్తల కిట్టు విడిగా దొరుకుతుంది. క్రమం తప్పకుండా వాడేవాళ్ళు ఆరు నెలలకోసారి మార్చాలని తయారీదారులే చెబుతారు. పిల్లల వస్తువుకు ఆ మాట ఎందుకు అచ్చు వేయరో నాకు అంతుపట్టదు. పాడైపోయేది మెత్తలైతే, పారేయాల్సింది మొత్తం వస్తువా? నా కోపమంతా ఇదే. కూపన్ వాడలేదు.

అయితే చెడ్డ వస్తువు అనలేను. పాపకు నాలుగేళ్లప్పుడు, ఐదేళ్లప్పుడు ఇదే లేకపోతే మేం ఒక్క రేసు కూడా పూర్తిగా చూసేవాళ్ళం కాదు. అంత చిన్నపిల్లలకు ప్లగ్‌లు పెట్టమని చెప్పను. పీకి నోట్లో పెట్టుకుంటారు, గొంతుకు అడ్డం పడవచ్చు, చెవి దారి కూడా చిన్నది. వాళ్ళకు డిప్పలే దారి. కళ్ళజోడు లేని పిల్లలకు, కారును ఎండలో వదలనక్కర్లేని వాళ్ళకు, ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే వెళ్ళేవాళ్ళకు ఈ మెత్తలు నాకంటే ఎక్కువ కాలం రావచ్చు. ప్లగ్‌ల మీద డిప్పలు కూడా పెడితే రెండు అంకెలూ కలుస్తాయని అనుకోకండి. రెండింటిలో గట్టిదాని మీద ఇంకో 5 డెసిబెల్స్ కలిస్తే గొప్ప.

కొనేవాళ్ళు అంకె చూసే ముందు మెత్తలు ఊడి వస్తాయేమో లాగి చూడండి. విడిగా అమ్ముతారా అని అడగండి. అమ్మం అంటే, నాలాగా హైవే మీద గంటల తరబడి కారులో ఉడికించే వాళ్ళకు ఆ ధర దండగ. మా పాత జత ఇప్పుడు మా పిన్ని మనవడి దగ్గర ఉంది, చీలిన చోట సైకిల్ ట్యూబు ముక్క అతికించారు. బాంబులకు చాలునంటున్నారు. ట్రాక్‌కు మాత్రం తేవద్దని చెప్పాను.