నది రంగు నిలిచిందా లేదా: ‘డెలివరెన్స్’ డిస్కులతో ఇన్నేళ్ల అనుభవం

‘డెలివరెన్స్’ అనే హాలీవుడ్ సినిమాను నేను మళ్లీ మళ్లీ చూసేది నది కోసం. నలుగురు పట్నవాసులు, రెండు పడవలు, ఆనకట్ట కింద మునిగిపోబోతున్న ఒక నది, దారిలో ఎదురైన ఘోరం, ఆ తర్వాత ప్రాణాలతో బయటపడే పాట్లు. కథ చాలామందికి తెలిసిందే, కాబట్టి దాని జోలికి వెళ్లను. నన్ను పట్టుకున్నది ఆ నీటి రంగు. అది పచ్చగా ఉండదు. పాకుడు పట్టిన బండ మీద మబ్బు కమ్మినప్పుడు ఎలా ఉంటుందో అలా, బూడిద కలిసిన ఆకుపచ్చ. సినిమా తీసిన చట్టూగా నది, దాని చుట్టూ ఉన్న అడవి మరీ అందంగా కనిపిస్తున్నాయని దర్శకుడు జాన్ బూర్మన్, ఛాయాగ్రాహకుడు విల్మోస్ జిగ్మండ్ కలిసి ల్యాబులో కావాలనే రంగులు తగ్గించారు. 1972 నాటి ఈ నిర్ణయం సినిమాకు ప్రాణం. అడవి ముచ్చటగా కనిపించిందంటే భయం పోయినట్టే. అందుకే ఎవరైనా ‘ఏ ఎడిషన్ కొనాలి’ అని అడిగితే నేను ముందు చూసేది ఒక్కటే, ఆ రంగు నిలిచిందా లేదా అని.

కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న వీసీడీతో నా పరిచయం మొదలైంది. దాని గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. ఎత్తుకు 2.40 రెట్లు వెడల్పుతో ఉండే బొమ్మను పాత టీవీ చదరంలోకి కుదించడానికి పక్కలు కోసేశారు, అంటే నలభై శాతానికి పైగా బొమ్మ పోయింది. నలుగురూ ఒకే ఫ్రేములో ఉండాల్సిన చోట ఇద్దరే కనిపించేవారు, మూడో మనిషి మోచెయ్యి మాత్రం అంచున ఆడుతూ ఉండేది. నీళ్లు గోధుమ రంగులో ఉండేవి.

1999లో అమెరికాలో వచ్చిన డీవీడీని మా అన్నయ్య డాలస్ నుంచి తెచ్చాడు. డీవీడీలకు ప్రాంతాన్ని బట్టి ‘రీజియన్’ తాళం ఉంటుంది, అక్కడి డిస్క్ మన మామూలు ప్లేయర్లలో ఆడదు కాబట్టి అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ వెతికి కొనాల్సి వచ్చింది. పూర్తి వెడల్పు బొమ్మను అప్పుడే చూశాను. రంగు తగ్గించడమంటే ఏమిటో కూడా అప్పుడే అర్థమైంది. ఆ డిస్క్ ఇప్పటికీ ఆడుతోంది. దాని అట్ట కవరును మాత్రం ఒక వానాకాలం చెదలు తినేశాయి. మల్కాజిగిరిలో గోడ పక్కన చెక్క అలమరా పెట్టుకున్న వాళ్లెవరైనా ఆ కాలపు అట్ట కవర్లను నమ్ముకోవద్దు. డిస్కులను ప్లాస్టిక్ పెట్టెల్లోకి మార్చుకోవడం మంచిది.

అసలు ఆనందం 2007 నాటి బ్లూ-రేతో వచ్చింది. బ్లూ-రే బొమ్మలో పై నుంచి కిందికి ఉండే 1080 అడ్డ గీతల్లో ఈ సినిమా బొమ్మ ఆక్రమించేది దాదాపు 800, మిగతాది పైనా కిందా నలుపు. ఆ 800 గీతల్లోనే ఎంత చేరిందో చెప్పాలంటే నలుగురిలో ఒకరిగా నటించిన జాన్ వాయిట్ కొండ చరియ ఎక్కే సన్నివేశం చాలు. కథలో అది రాత్రి. తీసింది పగలు, ఫిల్టర్లతో, ల్యాబు పనితో చీకటి చేశారు. వీసీడీలో అదంతా నీలం బురద. డీవీడీలో చీకటి భాగాలు గళ్లుగళ్లుగా విరిగేవి, మనిషి ఎక్కడ ఆగి రాయి ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. బ్లూ-రేలో అతని వేళ్లు పగులు కోసం తడుముకోవడం కనిపించింది. బండ మీద చెయ్యి జారి, మళ్లీ పట్టు దొరికి, మణికట్టు వణకడం కనిపించింది. ఈ సినిమాలో నటులు ప్రమాదకరమైన సాహసాలు చాలావరకు తామే చేశారని చదివి ఉన్నాను కానీ, ఆ వణుకు చూసిన రోజున నమ్మకం కుదిరింది. ఫిల్ము మీది గ్రెయిన్, అంటే సన్నటి చుక్కల్లాంటి గరుకుదనం కూడా చెరిపెయ్యకుండా ఉంచారు. నీళ్ల మీద అది సన్నటి చినుకులా కదులుతుంది. ఆ వారమంతా కనిపించిన ప్రతి స్నేహితుడికీ ఈ డిస్క్ గురించే చెప్పాను.

ఇప్పుడు పెద్ద టీవీ మీద అదే సన్నివేశం చూస్తుంటే, అప్పట్లో ‘ఇంతకన్నా బాగా రాదు’ అన్న మాటను కొంచెం తగ్గించుకోవాలనిపిస్తోంది. బొమ్మ స్పష్టమయ్యే కొద్దీ పగటిని రాత్రి చేసిన అతుకు కూడా స్పష్టమైంది. ఆకాశం అంచున చెట్ల చుట్టూ లోహపు మెరుపు లాంటిది కనిపిస్తుంది. అది డిస్క్ లోపం కాదు, సినిమాలో మొదటినుంచీ ఉన్నదే. ఒక పల్లెటూరి అబ్బాయి బాంజో అనే తీగల వాద్యం వాయించే సన్నివేశం కూడా అంతే. ఆ అబ్బాయికి బాంజో వాయించడం రాదు, వెనక దాక్కున్న మరొకరి చెయ్యి అతని చొక్కా చేతిలోంచి వచ్చి మెట్లు నొక్కుతుంది. బ్లూ-రేలో జాగ్రత్తగా చూస్తే పట్టుబడుతుంది. చిన్న తెర మీద చూసే వాళ్లకు ఈ రెండూ అడ్డు రావు.

రంగు విషయంలో నన్ను నిజంగా ఏడిపించింది డిస్కులు కాదు, కొత్త టీవీ. 55 అంగుళాల సెట్ బిగించడానికి వచ్చిన అబ్బాయి పిక్చర్ మోడ్‌ను ‘వివిడ్’లో పెట్టి, మోషన్ సాఫీగా ఉండే సదుపాయాన్ని కూడా ఆన్ చేసి, ‘సార్, ఇదే బాగుంటుంది’ అని నమ్మకంగా చెప్పి వెళ్లాడు. క్రికెట్‌కు బాగానే ఉంటుందేమో. ఈ సినిమా పెట్టేసరికి అడవి చిలకపచ్చగా మెరిసిపోయింది, పడవలు టీవీ సీరియల్ పాత్రల్లా జారుతూ కదిలాయి. సరిచేసి ఫిల్మ్ మోడ్‌లో పెట్టుకున్నాను. కానీ టీవీ సాఫ్ట్‌వేర్ కొత్తది వేసుకున్నప్పుడల్లా ఆ అమరికలన్నీ మొదటికొస్తాయి. సేవా కేంద్రానికి ఫోన్ చేస్తే ‘రీసెట్ అవుతుంది సార్, మళ్లీ పెట్టుకోండి’ అన్నారు, అంతే.

అలా రీసెట్ అయిన ఒక సాయంత్రం మా పెదనాన్న ఇంట్లో ఉన్నారు. శుక్లాల ఆపరేషన్ కోసం కర్నూలు నుంచి వచ్చారు. ఆయన పుట్టిన ఊరు 1981లో శ్రీశైలం నీళ్ల కింద పోయింది. నేను బ్లూ-రే పెట్టి వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి, ‘భలే పచ్చగా ఉంది నాయనా, తోట లాగుంది’ అన్నారు. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆపి, రిమోట్ తీసుకుని ఒక్కొక్కటే మార్చాను. రంగు తగ్గించాను, పదును సున్నాకు దించాను, మోషన్ తీసేశాను, వెలుగును వెచ్చటి వైపు జరిపాను. మళ్లీ మొదటినుంచి పెట్టాను. ఆయన కాసేపు చూసి, ‘ఇప్పుడు ఏరు లాగుంది’ అన్నారు. మొదటిసారి చూసే మనిషి నోటినుంచి, కొత్తగా చూపు వచ్చిన కళ్లతో వచ్చిన మాట అది. నాకు అంతకు మించిన పరీక్ష అక్కర్లేదు.

చివర్లో ఊరిని ఖాళీ చేయించే దృశ్యాలు వస్తాయి. చర్చిని లారీ మీద ఎక్కించి రోడ్డు వెంట తీసుకెళ్తుంటారు, సమాధుల్లోంచి శవపేటికలు తవ్వి తీస్తుంటారు. సినిమాలో కనిపించిన ఒక శ్మశానం ఇప్పుడు నిజంగానే దక్షిణ కెరొలైనాలోని జొకాసీ జలాశయం అడుగున ఉంది. పెదనాన్న అక్కడ ఆపమన్నారు. వాళ్ల ఊళ్లో ద్వారబంధాలు, దూలాలు పీకి బండ్ల మీద వేసుకున్నారని, పాత గుళ్లను మాత్రం రాయి రాయికీ అంకెలు వేసి గట్టు మీదికి తరలించారని చెప్పారు. ఇళ్లకు అంకెలు వెయ్యలేదన్నారు. అంతకుముందు నేను ఆ దృశ్యాలను ముగింపుకు ముందు వచ్చే విరామంలా దాటేసేవాణ్ని. రంగు గురించి నాకున్న పట్టుదల ఆ రోజునుంచి ఇంకా పెరిగింది. మునగబోయే చోటును ముచ్చటైన పచ్చదనంతో చూపించే ఏ తెరనూ నేను ఒప్పుకోలేను.

2012లో నలభై ఏళ్ల సందర్భంగా వచ్చిన పుస్తకం లాంటి ఎడిషన్ కూడా నా దగ్గర ఉంది. బొమ్మలో 2007 దానికీ దీనికీ నా కంటికి చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా ధ్వనిలో ఉంది. 2007 డిస్కులో ధ్వనిని కుదించి పెట్టే మామూలు డాల్బీ డిజిటల్ మాత్రమే ఉంటే, ఇందులో కుదింపు నష్టం లేని డీటీఎస్ ట్రాక్ ఇచ్చారు. సుడిగుండాల దగ్గర నీటి హోరు కింది స్థాయిలో బరువుగా వినిపిస్తుంది. కొన్న కొత్తలో దీన్ని తెగ మెచ్చుకున్నాను. కానీ సినిమా అసలు విడుదలైంది మోనోలో, అంటే ధ్వని అంతా ఒకే ట్రాకులో. ఆరు స్పీకర్లకు పంచిన ఈ ధ్వని ఎంత శుభ్రంగా ఉన్నా తర్వాత చేసినదే, వెనక స్పీకర్లలో నీళ్లు అక్కర్లేని చోట కూడా గలగలమంటాయి. పైగా మాది అపార్ట్‌మెంట్. రాత్రి పది దాటితే హోరును తగ్గించే వినాలి, ఆ తర్వాత రెండు ట్రాకుల తేడా పట్టుకోవడం కష్టం. ఇప్పుడు నేను రెండు స్పీకర్లతోనే వింటున్నాను.

ఈ ఎడిషన్‌లో కొత్తగా చేర్చినది నలుగురు నటులూ, అంటే వాయిట్, బర్ట్ రేనాల్డ్స్, నెడ్ బీటీ, రోనీ కాక్స్ కలిసి కూర్చుని మాట్లాడుకున్న కార్యక్రమం. బీటీ, రేనాల్డ్స్ ఇప్పుడు లేరు కాబట్టి దాని విలువ పెరిగింది. ఒకరి మాటను మరొకరు అందుకునే తీరు చూడటం కోసమైనా అది ఉండాలి. సినిమా నడుస్తుండగా బూర్మన్ మాట్లాడే కామెంటరీ 2007లోనే ఉంది, అది కూడా పూర్తిగా వినదగినదే. పుస్తకం బైండింగ్ మాత్రం మన ఎండలకు ఆగలేదు. రెండు వేసవుల తర్వాత జిగురు వదిలింది, డిస్క్ పట్టుకునే ప్లాస్టిక్ పలక ఊడి చేతికొచ్చింది.

ఇక ఏది కొనాలంటే, 2007 బ్లూ-రే సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే, మీ టీవీ అమరికలు మీ అదుపులో ఉంటే, అది నాకైతే సరిపోతుంది. నటుల ముచ్చట్లు కావాలనుకునేవాళ్లు, మంచి స్పీకర్లు, సొంత ఇల్లు ఉన్నవాళ్లు 2012 దానికి వెళ్లవచ్చు. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కలుపుకుని లెక్క వేసుకోండి. నా దగ్గరున్న రెండు బ్లూ-రేలూ మన ప్లేయర్లో ఇబ్బంది లేకుండా ఆడాయి. 32 అంగుళాల టీవీ ఉండి డీవీడీ ఇప్పటికే ఉన్నవాళ్లు తొందరపడనక్కర్లేదు, కొండ చరియ సన్నివేశం ఒక్కటే నష్టపోతారు. మీ టీవీలో పిక్చర్ మోడ్ ఏది ఉందో మాత్రం సినిమా పెట్టే ముందు ఒకసారి చూడండి.